తీగలను దాచిన చెక్క

ఉద్యోగ విరమణ తరువాత పలాసలో మా ఇంటి ముందుగదిలో నేను కంప్యూటరు పెట్టుకున్నది ముచ్చట కోసం కాదు. టెక్కలిలో అచ్చుపని చేసే ఒక పూర్వవిద్యార్థికి, తెలుగు కూర్చి తప్పులు దిద్ది ఇచ్చే మనిషి అవసరమయ్యాడు. ఉద్యోగకాలమంతా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి గనుక అతడు నన్నడిగాడు. నేను ఒప్పుకోవడానికి కారణం వేరు. నా భార్యకు మూత్రపిండాలు క్షీణిస్తున్నాయని విశాఖపట్నంలో వైద్యుడు చెప్పి అప్పటికి కొంతకాలమైంది. ఆమెను ఒంటరిగా వదిలి రోజూ బయటికి పోవలసిన పని ఏదీ నాకు కుదరదు. ఇంట్లో కూర్చుని, ఆమెను కనిపెట్టుకుని ఉంటూ చేయగల పని ఇది.

ఆమె పుట్టినిల్లు ఉద్దానంలో, సముద్రానికి దగ్గరగా, కొబ్బరి తోటలకూ జీడి తోటలకూ నడుమ ఉన్న ఊరు. ఆ ఊళ్లో ఈ జబ్బు పేరు చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. నీళ్లవల్లనని ఒకరంటారు, ఎండలో చాకిరీవల్లనని ఒకరంటారు. ఎందువల్లనో నిశ్చయంగా చెప్పగలిగినవారు నాకు తారసపడలేదు. ఆమె తండ్రి దీనితోనే పోయాడు. అందుచేతనే కాబోలు, వైద్యుడు చెప్పిన రోజున ఆమె ఏడవలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూ, "మా ఇంటికాడి సుట్టమే కదండీ. దారి కనుక్కుని ఇక్కడిదాకా వచ్చింది" అన్నది.

ఆ వైద్యుడు మాకు ఒకటే పని అప్పగించాడు. ఏదో ఒక రోజున ఆమె రక్తాన్ని యంత్రంతో శుద్ధి చేయక తప్పదు. అందుకు ముందుగా ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుట్టాలి. కుట్టిన తరువాత ఆ నరం లావెక్కి సూదికి తట్టుకోవడానికి వారాలు పడుతుంది. అది సిద్ధంగా లేకముందే అవసరం ముంచుకొస్తే మెడలో గొట్టం వేయవలసి ఉంటుంది. గొట్టానికి చీము పట్టే భయం ఎక్కువ. "ఆ చెయ్యి ఇకమీదట మీది కాదమ్మా, నాది" అని అతడు ఆమెతో అన్నాడు. "సూది పొడవనివ్వకండి. బరువు ఎత్తకండి. చిన్న గీత కూడా పడకూడదు."

నాకు నియమమంటే ఇష్టం. ఈ నియమాన్ని నేను ఇంట్లో శాసనంలాగా అమలు చేశాను. నీళ్ల బిందె ఆమె ముట్టకూడదు. ఆ వైపు తిరిగి పడుకోకూడదు. ఎడమచేతి గాజులన్నీ తీసివేయమంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించి, వదులుగా ఉన్న ఒక్క గాజు దగ్గర ఇద్దరం రాజీ పడ్డాం. శస్త్రచికిత్సకు వైద్యుడు రోజు నిర్ణయించాడు. ఆ రోజు వరకూ ఆ చేతిని చెక్కుచెదరకుండా తీసుకుపోవడమే మా ఇద్దరి బాధ్యత.

ఇక బల్ల సంగతి. వెలుతురు కోసం దాన్ని కిటికీ పక్కన వేయించాను. కరెంటు పోయినా పగటిపూట కాగితాల మీద తప్పులు దిద్దుకోవచ్చు. కాని కరెంటు స్విచ్చులుండే మీటల పలక ఉన్నది ఎదురుగోడకు. కంప్యూటరు పెట్టెకు ఒక తీగ, తెరకు ఒకటి, ప్రింటరుకు ఒకటి, యూపీఎస్‌కు, దాని కింద స్టెబిలైజరుకు, మోడెంకు, టెలిఫోనుకు, బల్లదీపానికి. అవన్నీ గది నడుమ నేలమీదుగా పోయి ఆ గోడనెక్కేవి. ఆమె మంచం అదే గదిలో ఉంది, ఆ గదికే గాలి ఎక్కువ గనుక. మంచం నుండి పెరటి గుమ్మానికి పోవాలంటే ఆ తీగలు దాటాలి.

తీగలు అలా నేలమీద చిక్కుపడి ఉండటం నా కంటికి మొదటి రోజు నుండీ నచ్చలేదు. పాఠశాలలో బల్లల వరుస జానెడు వంకరపోయినా సహించనివాణ్ణి. ఒక ఆదివారం పూట అన్నిటినీ విప్పి, తుడిచి, ఒక్కొక్కదానికి రెండు చివరలా చిన్న కాగితపు చీటీ అంటించి దాని పేరు రాశాను. పొడుగు ఎక్కువైన తీగలను చుట్టలు చుట్టి పురికొసతో కట్టాను. రంగు కలిసినవాటిని పక్కపక్కన ఉంచాను. అంతా అయ్యాక చూస్తే, చిక్కు పోయి కట్ట మిగిలింది. కట్ట ఇంకా దారికి అడ్డంగానే ఉంది.

అప్పుడే నా బావమరిది వచ్చాడు. నా భార్యకు తమ్ముడు. ఆ ఊళ్లోనే జీడి తోట చేసుకుంటాడు. నన్ను 'నువ్వు' అని పిలిచే మనిషి పలాసలో అతడొక్కడే. గుమ్మంలోనే ఆగిపోయి, కట్టలవంక చూశాడు.

"ఏటి బావా, పాములు పట్టి బుట్టలో యెయ్యకుండా నేలమీద ఆరబెట్టినావేటి?"

"వాటిమీద పేర్లున్నాయి, చదువుకో" అన్నాను.

అతడు వంగి ఒక చీటీ చదివాడు. "ప్రింటరు. ఓహో. అయితే ఇది కరిసినా పేరు సెప్పి కరుత్తాదన్నమాట."

మంచం మీదనుండి నా భార్య నవ్వింది. "నీకేటి తెలుసురా. మీ బావకి దారప్పోగు వంకరగా ఉన్నా ఆ పూట అన్నం సయించదు. పెళ్లిలో తలంబ్రాల బియ్యం కూడా వరసలో పోసినారు నా నెత్తిన."

నవ్వులు అంతటితో ఆగిపోయాయి. ఆ వారమే ఒక సాయంత్రం కరెంటు పోయింది. నేను అగ్గిపెట్టె కోసం వంటగదిలోకి వెళ్లాను. ఆమె పెరట్లోకి వెళ్లడానికి లేచింది. నీరు పట్టిన పాదాలకు నేల సరిగా తెలియదు. కాలు తీగల కట్టకు తగిలి తూలింది. మంచం పట్టె చేతికందింది గనుక కింద పడలేదు. పట్టె అందింది కుడిచేతికి. నేను దీపంతో వచ్చేసరికి ఆమె ఎడమచేతిని గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టు.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"నాకు తగిల్తే తగిలింది. దీనికి తగల్నేదు" అన్నది.

మరునాడే వడ్రంగిని పిలిపించాను. తీగలను నేలమీదనుండి పూర్తిగా ఎత్తివేయాలని నిశ్చయించుకున్నాను. బల్ల వెనుక నుండి గోడ వెంబడి, గది మూల తిరిగి, మీటల పలక వరకూ, నడుము ఎత్తున పొడుగాటి చెక్కపెట్టె బిగించాలి. పైన మూత. తీగలూ, అడాప్టర్లూ, స్టెబిలైజరూ అన్నీ అందులో. మూత మూస్తే ఒక్క తీగ కనబడకూడదు. వడ్రంగి కొలతలు తీసుకున్నాడు. నేను మళ్లీ కొలిచాను. పని శుభ్రంగానే చేశాడు. మూల దగ్గర అతుకు కూడా గోరు దూరనంత బిగువుగా వచ్చింది. వార్నీషు పూయించాలని నా ఉద్దేశం. ఆ రోజు దిద్దిన కాగితాలు టెక్కలిలో ఇచ్చి రావలసి ఉండి, సాయంత్రానికి వస్తానని చెప్పి బస్సెక్కాను. బావమరిది ఇంట్లో తోడున్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి చెక్క నల్లగా నిగనిగలాడుతోంది. ఇల్లంతా ఘాటైన వాసన.

"జీడినూనె రాసీసినాం బావా" అన్నాడు అతడు. "అప్పే రాయమంది" అని అక్కవైపు చూపించాడు.

జీడిపిక్కల తొక్క నుండి తీసే నూనె అది. మా ప్రాంతంలో కొత్త చెక్క ఇంట్లోకి వస్తే దాన్ని పూయడం ఆనవాయితీ; దూలాలకు పూస్తారు, గుమ్మాలకు పూస్తారు, ఒడ్డున పడవలకు పూస్తారు. అది పట్టిన చెక్కను చెదపురుగు ముట్టదు. పచ్చిగా ఉన్నప్పుడు చర్మానికి తగిలితే కాలినట్టు పొక్కుతుంది. ఆ సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు.

"వార్నీషు పూయిస్తానన్నాను కదా" అని నా భార్యతో అన్నాను.

"మీ వార్నీసు సెదలుకి పాయసం లాటిది. ఆ మూల గోడకి చెమ్మ ఉంది. ఏడాది తిరక్కుండా మీ చెక్కంతా మన్నయిపోద్ది, అప్పుడు మళ్లీ నేలమీదకొస్తాయి మీ పాములు" అన్నది. "నేను ముట్టుకోనేదు లెండి. దూరంగా కూర్చుని సెప్పినాను, వాడు రాసినాడు."

"ఆరేదాకా ఎవుళూ సెయ్యెయ్యకండి" అన్నాడు బావమరిది. "మా తోటలో పాకకి రాసింది మూడోనాటికి ఆరిపోయింది. ఇది కూడా అంతే."

మేము మూడు రోజులు కాదు, వారం ఆగాం. పైన సన్నని బూడిద చల్లి గుడ్డతో తుడిపించాను. నా వేలితో తాకి చూశాను, ఎండిన చెక్కే. అప్పుడు తీగలన్నీ అందులో సర్ది, చీటీలు పైకి కనబడేట్టు పెట్టి, మూత బిగించాను. గది ఒక్కసారిగా విశాలమైనట్టు అనిపించింది. నేల అద్దంలా ఉంది. నా భార్య మంచం దిగి, మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గోడ వెంబడి పెరటి గుమ్మం వరకూ నడిచి వెనక్కి వచ్చింది. వెళ్లేటప్పుడు ఆమెకు గోడ ఎడమవైపు. నడుము ఎత్తున ఉన్న ఆ పెట్టె ఆమెకు పిట్టగోడలా అందివచ్చింది. ముంజేతిని దానిమీద మోపి, ఒక్కో అడుగే వేసేది. బరువు మోయించవద్దన్న చేతికి అది విశ్రాంతి కూడానని మేమిద్దరం అనుకున్నాం. రోజులో ఎన్నోసార్లు అలా నడిచేది.

పడవకు పూసిన నూనె గాలికి ఆరి ఆరినట్టే ఉంటుంది. పాకకు పూసినదీ అంతే. వాటి లోపల వేడెక్కే వస్తువు ఏదీ ఉండదు. మా పెట్టెలో స్టెబిలైజరు ఉంది, మోడెం అడాప్టరు ఉంది, నేను పని చేసినంతసేపూ అవి కాగుతూ ఉంటాయి. చెక్క లోపలికి ఇంకిన నూనె ఆ వేడికి కరిగి, మూత అంచు దగ్గర కంటికి కనబడని పొరలా మళ్లీ పైకి చెమర్చింది. జీడినూనె గురించి అన్నీ తెలిసిన ఇంటి మనుషులెవరికీ ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ఆ నూనె పూసిన చెక్కలో తీగలు దాచినవారు అంతకుముందు మా ఊళ్లో ఎవరున్నారు?

ఆమెకు చెయ్యి దురద పెట్టింది. ఆమె లెక్కచేయలేదు. ఆ జబ్బుకు ఒళ్లంతా దురద ఉండనే ఉంటుంది. వీపు, కాళ్లు, అరచేతులు. రాత్రింబవళ్లు అలవాటైన బాధలో ఇంకొక బాధ వచ్చి కలిస్తే విడిగా తెలియదు. ఎర్రబడ్డప్పుడు మాత్రం అనుమానించిందట. నాకు చెప్పలేదు. పైటచెంగు చేతిమీదికి లాక్కుని తిరిగింది. విశాఖపట్నం ప్రయాణం దగ్గర పడుతోంది. నేను కంగారు పడతానని కొంత, రెండు రోజుల్లో తగ్గిపోతుందని కొంత.

ప్రయాణానికి ముందురోజు, సంచిలో కాగితాలు సర్దుతూ, అన్నం తింటున్న ఆమె పైట జారడం చూశాను. ముంజేయి మణికట్టు నుండి మోచేతి దాకా పొక్కులు. కొన్ని చితికి తడిగా ఉన్నాయి. నరం కుట్టవలసిన చోటు కూడా వాటి కిందనే ఉంది.

"ఇదేమిటి?" అన్నాను.

"జీడి" అన్నది. "చిన్నప్పుడు ఊరందరితోపాటు జీడిపిక్కలు కొట్టినదాన్నండీ. చేతులకింత కొబ్బరినూనె రాసుకుని రోజంతా కొట్టేవోళ్లం. ఎన్నడూ నన్నేటీ సెయ్యనేదు. ఇప్పుడు తోలు పలచనైపోయింది గావాల."

మరునాడు రైల్లో ఆమె కిటికీ వైపు కూర్చుంది. ఆ చేతిని ఒడిలో తడిగుడ్డ మీద ఉంచుకుంది. విశాఖపట్నంలో వైద్యుడు ఆమె చేతిమీది పైటచెంగు తొలగించి చూశాడు. తరువాత కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇలాంటి చర్మం మీద కోత పెట్టలేను. చీము లోపలికి పోతుంది."

"కుడిచెయ్యి?" అన్నాను.

"ఆ చేతి నరాలు సన్నం. మొదటే చూశాం కదా మాస్టారూ." అతడు రక్తపరీక్ష కాగితాన్ని మళ్లీ చూశాడు. "ఇది మానాక రండి. ఈ లోపల ఆయాసం వస్తే మాత్రం ఆగకండి, ఏ వేళైనా సరే. అప్పుడు మెడలో గొట్టం వేయక తప్పదు."

తిరిగి వచ్చేసరికి బావమరిది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మా ముఖాలు చూడగానే అతనికి అర్థమైంది.

"నానే రాసినాను బావా. నా సేత్తోనే రాసినాను. తిట్టీ."

నేను అతణ్ణి దాటుకుని లోపలికి వెళ్లాను. నా మౌనం అతణ్ణి తిట్టుకంటే ఎక్కువ బాధించిందని తరువాత నా భార్య చెప్పింది. అప్పుడు మాత్రం ఆమె అతణ్ణే కసిరింది. "నాను రాయమంటేనే కదరా నువ్వు రాసినావు. నాకు నేని ఏడుపు నీకెందుకు? లేచి ఆయనకి సాయం సెయ్యి."

నేను అప్పటికే చేతులకు కొబ్బరినూనె రాసుకుని, మూత మేకులు ఊడదీస్తున్నాను. ఇద్దరం కలిసి ఆ పెట్టెను ముక్కలుగా విప్పి పెరట్లో దూరంగా వేశాం. గోడను సబ్బునీళ్లతో కడిగాం. తీగలను ఒక్కొక్కటిగా తుడిచాం. తరువాత బల్లను కిటికీ దగ్గరనుండి తీసి, మీటల పలక ఉన్న మూలకు జరిపాను. అక్కడ వెలుతురు లేదు. కరెంటు పోతే నా పని ఆగుతుంది. ఆగనీ అనుకున్నాను. జానెడు తీగతో ప్రతి వస్తువూ గోడకు అందుతుంది. మిగిలిన పొడుగును బల్ల వెనుక కాళ్లకు గుడ్డపేలికలతో కట్టేశాను. వచ్చినవారికి అవన్నీ కనబడుతూనే ఉండేవి. నడిచే దారిలో మాత్రం ఒక్కటీ లేదు. ఆమె పట్టుకుని నడవడానికి మంచం నుండి గుమ్మం దాకా కొబ్బరితాడు కట్టాను, కుడిచేతి వైపు.

ఆ తరువాతి వారాలు మా ఇంట్లో రెండు పరుగులు సాగాయి. ఒకటి చెయ్యి మానడం, రెండవది ఒళ్లు నీరు పట్టడం. ప్రతి ఉదయం నేను ముందు చేతిని చూసేవాణ్ణి, తరువాత పాదాలను నొక్కి చూసేవాణ్ణి. పొక్కులు ఎండి పెచ్చులు కట్టాయి. పాదాల మీద నా వేలు పడ్డ గుంట నిండటానికి రోజురోజుకూ ఎక్కువసేపు పట్టింది. టెక్కలి అచ్చుకు ప్రశ్నపత్రాలు కూరుస్తూ, వెనుక మంచం మీద ఆమె శ్వాస వింటూ ఉండేవాణ్ణి. అక్షరదోషాలు నా కళ్లముందే దాటిపోయేవి. టెక్కలినుండి ఒకసారి అచ్చుకాగితాలు తిరిగి వచ్చాయి, తప్పులు మిగిలాయని. నా జీవితంలో అలా జరగడం అదే మొదలు.

"సదువుకున్నోళ్ల ఇంట్లో అచ్చుతప్పులేటండీ, సిగ్గుచేటు" అని ఆమె ఆటపట్టించింది. నవ్వడానికి ఊపిరి చాలక మధ్యలో ఆగింది.

చివరకు చర్మం శుభ్రపడింది. గోధుమరంగు మచ్చలు మిగిలాయి గాని, వైద్యుడు వేలితో రాచి చూసి తల ఊపాడు. ఆ వారమే నరం కుట్టాడు. కట్టు విప్పిన రోజున నర్సమ్మ నా రెండు వేళ్లను తీసుకుని ఆమె మణికట్టు పైన ఆనించింది. చర్మం కింద సన్నని గుర్రుమనే కదలిక. నరంలో రక్తం పారుతోందనడానికి అదే గుర్తని, రోజూ అది ఉందో లేదో చూడాలని, ఆగితే వెంటనే రావాలని చెప్పింది.

కాని ఆ నరం పక్వానికి రావడానికి కావలసిన కాలం మా దగ్గర మిగలలేదు. పోగొట్టుకున్న వారాలే అవి. ఒక తెల్లవారుజామున ఆమె కూర్చుని కూడా ఊపిరి పీల్చలేకపోయింది. బావమరిది కారు మాట్లాడుకొచ్చాడు. విశాఖపట్నంలో మెడలో గొట్టం వేశారు. వైద్యుడు భయపడ్డట్టే దానికి చీము పట్టి జ్వరం వచ్చింది. ఆ జ్వరంలో ఆమె రెండు పూటలు నన్ను గుర్తుపట్టలేదు. తమ్ముణ్ణి మాత్రం పేరుపెట్టి పిలిచింది, తోటలో పిక్కలు ఏరడానికి రమ్మని. ఆ పిలుపు వినలేక అతడు వరండాలోకి పోయాడు.

జ్వరం దిగింది. ఇంకొన్ని వారాలకు, ఎడమచేతి నరం సిద్ధమైందని వైద్యుడు అన్నాడు. మెడ గొట్టం తీసివేసే ముందు ఆ చేతిని ఒకసారి యంత్రానికి కలిపి చూడాలి. రక్తం తగినంత వేగంగా వస్తే చెయ్యి పనికొచ్చినట్టు. రాకపోతే గొట్టమే గతి.

ఆ ఉదయం నన్ను మంచం పక్కన నిలబడనిచ్చారు. నర్సమ్మ మచ్చల చర్మాన్ని దూదితో తుడిచి లావాటి సూది చేతిలోకి తీసుకుంది.

"మెల్లగా పొడు తల్లీ" అన్నది నా భార్య. "ఈ సేతికోసం మా ఆయన గోడకున్న చెక్కంతా పీకీసినారు."

నర్సమ్మకు ఏమీ అర్థం కాక నావైపు చూసింది. "మెల్లగా" అని మాత్రం అన్నాను.

సూది దిగింది. నా భార్య కళ్లు గట్టిగా మూసుకుని తల అవతలికి తిప్పుకుంది.

"వచ్చిందేటండీ?" అని అడిగింది.

గొట్టంలోకి ఎర్రగా ఎక్కుతున్నదాన్ని యంత్రం దాకా కళ్లతో వెంబడించి, వచ్చిందని చెప్పాను.